ల్యాప్‌టాప్‌లో పాటలు రికార్డు చేస్తుంటే చిటపటలు, గొంతు ఆలస్యంగా వినబడటం: మీ అనుభవాలు చెప్పండి

హంద్రీ, కర్నూలు

అందరికీ నమస్తే. మా అమ్మ, మా వీధిలోని పెద్దవాళ్ళు పాడే కోలాటం పాటలు, పెళ్ళి పాటలు ఏ పుస్తకంలోనూ లేవు. వాళ్ళ గొంతు బాగున్నప్పుడే రికార్డు చేసి పెట్టుకోవాలని మొదలుపెట్టినాను. విండోస్ 11 ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, రెండు మైకులు పట్టే చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును ల్యాప్‌టాప్‌కు కలిపే పెట్టె), ఒక కండెన్సర్ మైకు, రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్. రెండు బాధలున్నాయి. పాట మధ్యలో టక్కుటక్కుమని చిటపటలు వస్తున్నాయి. ఇంకోటి, హెడ్‌ఫోన్‌లో అమ్మ గొంతు అమ్మకే వెనకబడి వినిపిస్తోంది. "ఇదేందమ్మా, నా వెనకాల ఇంకెవరో పాడతాండారు" అని తాళం తప్పి హెడ్‌ఫోన్ తీసేస్తోంది. బఫర్ (ల్యాప్‌టాప్ శబ్దాన్ని కాసేపు పట్టి ఉంచుకునే చోటు) తగ్గిస్తే ఆలస్యం పోయి చిటపటలు ఎక్కువవుతున్నాయి, పెంచితే చిటపటలు తగ్గి ఆలస్యం ఎక్కువవుతోంది. రెండూ ఒకేసారి పోయే దారి ఉందా?

టవర్‌క్లాక్, అనంతపురం

అక్కా, బఫర్ జోలికి పోకముందు ఒక పని చేయండి. చిటపట వచ్చిన చోట వేవ్‌ఫామ్‌ను, అంటే శబ్దం గీతను, ఒక్కో శాంపిల్ (కంప్యూటర్ శబ్దాన్ని సెకనుకు వేలసార్లు కొలిచే ఒక్కో కొలత) చుక్క కనబడేదాకా జూమ్ చేసి చూడండి. గీత నున్నగా వంపు తిరుగుతూ పోతూ ఉన్నట్టుండి నిట్టనిలువుగా తెగి ఇంకో ఎత్తులో మొదలైతే, అక్కడ కొన్ని శాంపిళ్ళు పడిపోయినట్టు. కారణం డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌తో కలిపే ప్రోగ్రాం), బఫర్, యూఎస్‌బీ ఈ మూడింట్లో ఏదో ఒకటి. గీత కొసలు కోసేసినట్టు చదునుగా ఉంటే గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే నాబ్) ఎక్కువై క్లిప్ అవుతోంది, దానికి కంప్యూటర్‌తో పని లేదు. పాట లేని చోట కూడా సన్నటి అల ఆగకుండా, సెకనుకు 50 సార్లో 100 సార్లో కనబడితే అది కరెంటు హమ్, గుయ్యిమనే శబ్దం. ఫైల్లో గీత శుభ్రంగా ఉండి, వినేటప్పుడు మాత్రమే చిటపట వస్తుంటే ప్లేబ్యాక్ ఒక్కటే తడబడుతున్నట్టు. అట్లాంటి టేకు బంగారంలా ఉన్నట్టే, తుడిపేయద్దు.

నేను ఊళ్ళకు పోయి ఉరుముల వాయిద్యం రికార్డు చేస్తుంటా. ఉరుము మీద గట్టి దెబ్బ పడిందంటే మీటరు ఒక్కసారిగా ఎగబాకుతుంది. 24 బిట్‌లో పెట్టి, ఎంత గట్టి దెబ్బైనా మీటరులో మైనస్ 12 డెసిబెల్స్ (సున్నా దాటితే క్లిప్) దగ్గర ఆగేట్టు గెయిన్ దించుకుంటా. 24 బిట్‌లో తక్కువ లెవెల్లో రికార్డు చేసినా తర్వాత పెంచుకుంటే ఏం పాడవదు. గొంతుకూ అంతే.

హంద్రీ, కర్నూలు

చూసినాను తమ్ముడూ. చాలా చోట్ల నిలువుగానే తెగి ఉంది. పాట ఆగిన చోట సన్నటి అల కూడా ఉంది. ఛార్జర్ పీకేస్తే ఆ అల పోతోంది, కానీ చిటపటలు ఇంకా ఎక్కువవుతున్నాయి!

పాలకొండలు, కడప

ముందు ఆలస్యం సంగతి చెప్తానమ్మా, అది తేలికగా తీరేది.

మన నీళ్ళ డ్రమ్ముకూ బఫర్‌కూ తేడా లేదు. డ్రమ్ము పెద్దదైతే ట్యాంకర్ కాస్త ఆలస్యమైనా ఇంట్లో నీళ్ళాగవు. చిన్నదైతే ట్యాంకర్ రాకముందే అడుగంటుతుంది. అట్లా అడుగంటినప్పుడు వచ్చేదే ఆ టక్కు శబ్దం. లెక్క కూడా సులువే. 48,000 శాంపిల్ రేటులో 1024 బఫర్ అంటే 21.3 మిల్లీసెకన్లు. గొంతు లోపలికి పోవడానికి ఒకసారి, బయటికి రావడానికి ఒకసారి, రెండూ కలిపి 40 దాటుతుంది. ఇంటర్‌ఫేస్ లోపలి కన్వర్టర్లు, డ్రైవర్ తీసుకునే సమయం అదనం. 128 పెడితే ఒక వైపు 2.7 మాత్రమే. శబ్దం గాలిలో 10 మిల్లీసెకన్లకు సుమారు మూడున్నర మీటర్లు పోతుంది, అంత దూరంలో కూర్చున్నవాళ్ళది వింటున్నట్టే కాబట్టి అంతలోపు ఆలస్యాన్ని వాయించేవాళ్ళు పెద్దగా పట్టించుకోరు. పాడేవాళ్ళ సంగతి వేరు. వాళ్ళ గొంతు ఎముకల గుండా చెవికి ముందే చేరిపోతుంది, హెడ్‌ఫోన్‌లో కొంచెం వెనకబడి వచ్చినా తెలిసిపోతుంది.

అందుకని బఫర్‌తో కుస్తీ మానుకోండి. మీ ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ అనే బటనో, తిప్పే నాబో ఉంటుంది. అది వేస్తే మైకు శబ్దం ల్యాప్‌టాప్‌లోకి పోయి తిరిగి రాకుండా ఇంటర్‌ఫేస్ నుంచే నేరుగా హెడ్‌ఫోన్‌కు వస్తుంది. రీపర్‌లో ఆ ట్రాకు రికార్డ్ మానిటరింగ్ ఆపేయండి, లేకపోతే గొంతు రెండుసార్లు వినబడుతుంది. ఆ తర్వాత బఫర్ 512 పెట్టినా 1024 పెట్టినా అమ్మగారికి తేడా తెలియదు. ముందు రికార్డు చేసిన తాళానికి ఇప్పుడు పాడింది సరిపోతుందా అని భయపడొద్దు. డ్రైవర్ చెప్పే ఆలస్యాన్ని సాఫ్ట్‌వేరే తీసేసి ట్రాకును సరైన చోట పెడుతుంది.

గొంతు మరీ పొడిగా వినిపిస్తోందని అమ్మగారు అంటే, అప్పుడు మాత్రం ఆ మానిటరింగ్ మళ్ళీ వేసి, సాఫ్ట్‌వేర్‌లో రివర్బ్ పెట్టి, అందులో అసలు గొంతు తీసేసి ప్రతిధ్వని ఒక్కటే వినబడేట్టు పెట్టండి. ప్రతిధ్వని కొంచెం ఆలస్యంగా వచ్చినా చెవికి సహజంగానే ఉంటుంది. పాడేవాళ్ళు ఎంత హాయిగా పాడతారో చూడండి.

ఎర్రనేల, ఆదోని

అన్న చెప్పింది నిజమే. అయితే 1024లో కూడా శాంపిళ్ళు పడిపోతే? నా ల్యాప్‌టాప్‌లో అట్లే అయ్యేది.

మొదట రీపర్‌లో ఆడియో డివైస్ ఏం పెట్టినారో చూసుకో అక్కా. ఇంటర్‌ఫేస్ కంపెనీ సొంత ఆసియో డ్రైవర్ వాళ్ళ సైట్లో ఉంటే అదే వేసుకో. ఆసియోను స్టైన్‌బర్గ్ వాళ్ళు 1997లో తెచ్చినారు, విండోస్ మిక్సర్‌ను పక్కన పెట్టి సాఫ్ట్‌వేర్‌ను నేరుగా పరికరంతో మాట్లాడించేదానికి. అందరూ ముందుగా ఆసియో ఫర్ ఆల్ వేసుకోమంటారు. అది విండోస్ మామూలు డ్రైవర్ మీద వేసే తొడుగు. సొంత డ్రైవర్ లేని పరికరానికైతే మంచిదే, ఉన్నదానికి వద్దు.

తర్వాత లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రాం పెట్టి కొంచెంసేపు వదిలెయ్. ఏ డ్రైవర్ ప్రాసెసర్‌ను ఎక్కువసేపు పట్టుకుంటోందో పేరుతో సహా చూపిస్తుంది. నాకు ఎన్‌డిస్ పేరు పైన వచ్చింది, అంటే నెట్‌వర్క్. వైఫై ఆపేస్తే టక్కులు పోయినాయి. గ్రాఫిక్స్ డ్రైవర్, బ్యాటరీని చూసుకునే ఏసీపీఐ కూడా చాలామందికి కనబడతాయి. ర్యామ్ పెంచు, కొత్త ల్యాప్‌టాప్ కొను అని సలహా ఇచ్చేవాళ్ళ మాట ఇది చూడకముందు వినొద్దు. ఒక మైకు, ఒక ట్రాకుకు 8 జీబీ ఎక్కువే.

యూఎస్‌బీ హబ్ వాడుతుంటే తీసేసి నేరుగా పోర్టులో పెట్టు. కండెన్సర్ మైకుకు 48 వోల్టుల ఫాంటమ్ (మైకు పనిచేసేదానికి ఇంటర్‌ఫేస్ ఇచ్చే కరెంటు) కూడా ఆ యూఎస్‌బీ కరెంటు నుంచే పుట్టాల. పైగా యూఎస్‌బీలో ఆడియో ప్యాకెట్ ఒకసారి పోతే మళ్ళీ పంపించరు. పెన్‌డ్రైవ్‌కు ఫైల్ కాపీ చేసేటప్పుడు ఆ ఇబ్బంది లేదు.

పెన్నేరు, ప్రొద్దుటూరు

అన్నా, నాకు ఇంటర్‌ఫేస్ లేదు. ల్యాప్‌టాప్ మైకు, బ్లూటూత్ ఇయర్‌బడ్స్, ఆడాసిటీ అనే రికార్డింగ్ ప్రోగ్రాం. కీబోర్డు ట్రాకు వింటూ పాడితే పాట ఎప్పుడూ తాళానికి వెనకే పడుతోంది. ఇయర్‌బడ్స్ మైకు వాడితే ఫోన్లో మాట్లాడినట్టు గరగరమంటోంది. ఏ బఫర్ పెట్టాల?

పాలకొండలు, కడప

బ్లూటూత్ ఆలస్యం బఫర్‌తో పోదు నాయనా. శబ్దాన్ని కుదించి, గాలిలో పంపి, అక్కడ మళ్ళీ విప్పే పనిలోనే 100, 200 మిల్లీసెకన్లు పోతాయి. దాని మైకు కూడా వాడితే కాల్స్ కోసం పెట్టిన ప్రొఫైల్‌కు మారిపోతుంది, ఆ గరగర అదే. రికార్డింగ్ అయ్యేదాకా మామూలు వైరు ఇయర్‌ఫోన్ పెట్టుకో.

ఆ తర్వాత ఆడాసిటీ ప్రిఫరెన్సుల్లో లేటెన్సీ కాంపెన్సేషన్ (ఆలస్యాన్ని సరిదిద్దే అంకె) సరిచెయ్యి. మొదట అక్కడ మైనస్ 130 మిల్లీసెకన్లు ఉంటుంది, అది అందరి ల్యాప్‌టాప్‌కూ సరిపోయేది కాదు. క్లిక్ ట్రాకు ఒకటి చేసి, ఇయర్‌ఫోన్‌ను మైకుకు ఆనించి, ఆ క్లిక్కులనే ఇంకో ట్రాకులోకి రికార్డు చెయ్యి. రెండు ట్రాకులూ జూమ్ చేస్తే పక్కపక్కనే రెండు నిలువు గీతలు కనబడతాయి. మధ్య ఎడం ఎంతుందో కొలిచి, రికార్డైంది వెనకబడి ఉంటే మైనస్ పక్కనున్న అంకెను అంత పెంచు, ముందుకొచ్చి ఉంటే అంత తగ్గించు.

టవర్‌క్లాక్, అనంతపురం

హంద్రీ అక్కా, మీ ఛార్జర్ సంగతికి వస్తా. అవి రెండు వేరువేరు రోగాలు. ఛార్జర్ తీస్తే హమ్ పోతోందంటే ఎర్తింగ్ దగ్గర లోపం ఉండొచ్చు. ఛార్జర్ తీయగానే చిటపట పెరుగుతోందంటే ల్యాప్‌టాప్ కరెంటు మిగిల్చుకోవాలని ప్రాసెసర్ వేగం తగ్గిస్తోంది. సెట్టింగుల్లో పవర్ మోడ్ బెస్ట్ పర్ఫార్మెన్స్‌కు మార్చండి, బ్యాటరీ సేవర్ ఆపేయండి. బ్యాటరీ మీద రికార్డు చేయడమే నాకిష్టం, ఊళ్ళో కరెంటు పోయినా టేకు పోదు.

ఎర్తింగ్ మాత్రం ఇంటి భద్రత విషయం, వాయిదా వేయొద్దు. ల్యాప్‌టాప్ లోహం మీద చెయ్యి పెడితే జివ్వుమంటోందా చూడండి. మన సీమలో ఎండాకాలం నేల ఎండిపోతే ఉప్పూ బొగ్గూ వేసిన ఎర్త్ గుంత కూడా ఎండిపోయి పనిచేయదు. గుంతలో నీళ్ళు పోయించి, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించండి. హమ్ పోతుందని మూడో పిన్ను తీసేసే వాళ్ళున్నారు, ప్రాణాల మీదికి వస్తుంది, ఆ పని ఎవరూ చేయొద్దు.

ఏప్రిల్, మే నెలల్లో ఇంకోటుంది. గదిలో 40 డిగ్రీలుంటే ల్యాప్‌టాప్ వేడెక్కి తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. పరుపు మీద పెట్టకుండా, కింద గాలాడేట్టు గట్టి బల్ల మీద పెట్టండి. మైకుకు దూరంగా ఉంటే దాని ఫ్యాను శబ్దం కూడా పడదు. ఎట్లాగూ సీలింగ్ ఫ్యాను ఆపాల్సిందే కాబట్టి తెల్లారుజామున పెట్టుకుంటే పెద్దవాళ్ళకూ సుఖం.

హంద్రీ, కర్నూలు

అందరికీ చాలా థ్యాంక్స్. డైరెక్ట్ మానిటర్ వేసి, బఫర్ 512లో పెట్టినాను. అమ్మ ఈసారి హెడ్‌ఫోన్ తీయలేదు, చెక్కల మోత నడుస్తుండగానే పాట పూర్తిగా పాడింది. లేటెన్సీమాన్‌లో నాకూ నెట్‌వర్క్ డ్రైవరే పైన ఉంది. వైఫై ఆపి, పవర్ మోడ్ మార్చినాక తెగిన గీతలు కనబడలేదు. ఎలక్ట్రీషియన్ వస్తానన్నాడు, అప్పటిదాకా బ్యాటరీ మీదే. ఇంకొక్క సందేహం. ఫైళ్ళు ఎంపీ3లో దాచొచ్చా?

టవర్‌క్లాక్, అనంతపురం

వాట్సాప్‌లో పంపేదానికి ఎంపీ3 చాలు. దాచేది మాత్రం వేవ్ ఫైలే, 48,000, 24 బిట్. మోనోలో నిమిషానికి 8.6 ఎంబీ మాత్రమే పడుతుంది. ల్యాప్‌టాప్‌లో ఒకటి, బయటి డిస్కులో ఒకటి ఉంచండి. ఫైలు పేరులో పాట మొదటి పాదం, పాడినవాళ్ళ పేరు, ఊరు, తేదీ రాయండి.