అంబాసిడర్ డిస్ట్రిబ్యూటర్: కొత్త సెట్ కొనాలా, పాతదానికే బుష్ వేయించాలా?

లబ్బీపేట_అంబాసిడర్:
నమస్కారం అండీ. నాన్నగారి 1984 అంబాసిడర్, 1489 సీసీ పెట్రోలు ఇంజను. షెడ్డులో కప్పి పెట్టిన బండి కాదు, వారానికి రెండుసార్లైనా తీస్తాం. నెల రోజులుగా ఐడిల్‌లో కుదురుగా ఉండట్లేదు, యాక్సిలరేటర్ తొక్కితే మధ్యలో మిస్సవుతోంది. పోయిన ఆదివారం గుంటూరు వెళ్తుంటే కాజ టోల్ గేటు దగ్గర ఎండలో ఆగిపోయి, అరగంట చల్లారాక మళ్లీ స్టార్టయింది. ఆటోనగర్‌లో మెకానిక్ డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి స్పార్క్ పంచే డబ్బా) క్యాప్ తీసి, లోపల తిరిగే రోటర్ పట్టుకుని పక్కకి ఊపి చూపించాడు, షాఫ్టు చేతికి తెలిసేంత కదులుతోంది, అంటే అది తిరిగే కంచు గొట్టం (బుష్) అరిగిందన్నమాట. మొత్తం మార్చేయండి, కొత్త సెట్ దొరుకుతోంది అన్నాడు. ఇంకో షాపులో పాయింట్ల (కరెంటు తెంచి స్పార్క్ పుట్టించే చిన్న స్విచ్చు) బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టించుకోమన్నారు. నాన్నగారేమో పాతది పారేయొద్దంటున్నారు. నెలాఖరుకి అమ్మని కోటప్పకొండ తీసుకెళ్లాలి, అదే టెన్షన్. ఏం చేయమంటారు?

పటమట_పద్మిని:
ఎలక్ట్రానిక్, ఇంకో మాట లేదు. నా పద్మిని కారుకి నాలుగేళ్ల కిందట పాయింట్లు తీసేసి మాడ్యూల్ పెట్టించా, ఆ తర్వాత టైమింగ్ (స్పార్క్ పడే సమయం) ముట్టుకోలేదు. పాయింట్ల మడమ షాఫ్టు మీద ఎత్తులుండే కామ్‌కి రాసుకుని అరిగేకొద్దీ గ్యాప్ తగ్గుతుంది, గ్యాప్ తగ్గితే టైమింగ్ వెనక్కి పోతుంది, మళ్లీ సెట్ చేయాలి, మళ్లీ అరుగుతుంది, ఎన్నాళ్లండీ ఇది? మాడ్యూల్‌లో రాసుకునేదే లేదు. మా అమ్మాయి కూడా ఆ బండి నడుపుతుంది, దారిలో దిగి గ్యాప్ కొలిచే ఫీలర్ గేజ్ పట్టుకోవాల్సిన అవసరం తనకి రాలేదు.

గుంటూరు_పాతబండి:
తమ్ముడూ, నువ్వు చెప్పింది పాయింట్ల సంగతి, ఆయన అడిగింది షాఫ్టు సంగతి. బుష్ అరిగిన డిస్ట్రిబ్యూటర్‌లో మాడ్యూల్ పెట్టినా అది ఊగే షాఫ్టు మీదే కదా కూర్చునేది. పాయింట్లతో పోలిస్తే ఊపు ప్రభావం తగ్గొచ్చు, పోదు. ముందు బుష్, తర్వాతే మిగతా ముచ్చట.

తెనాలి_వైరింగ్:
అసలు ఎండలో ఆగిపోయినప్పుడు స్పార్క్ చూశారా అన్నా? షాఫ్టు ఊగితే మిస్సవుతుంది, టైమింగ్ చెదురుతుంది. కానీ వేడెక్కి ఆగి, చల్లారి స్టార్టయిందంటే నాకు కండెన్సర్ (పాయింట్లు మాడకుండా కాపాడేది) మీద, స్పార్క్‌కి హై వోల్టేజీ ఇచ్చే కాయిల్ మీద అనుమానం. పెట్రోలు లైన్లో ఆవిరి పట్టినా అలాగే ఆగుతుంది. ఈసారి ఆగితే కాయిల్ నుంచి వచ్చే మధ్య వైరు తీసి బాడీకి దగ్గరగా పెట్టి చూడండి, ప్లాస్టిక్ పట్టుకారుతోనే సుమా, ఉత్త చేత్తో కాదు. పాయింట్లు నల్లగా మాడి, గుంటలు పడి ఉంటే ముందు కండెన్సర్ మార్చండి. డిస్ట్రిబ్యూటర్ ఖర్చు ముందు అది లెక్కలోకే రాదు.

మాడ్యూల్ పెట్టేవాళ్లకి ఇంకో మాట: మరీ పాతకాలపు బండ్లలో బ్యాటరీ పాజిటివ్ బాడీకి కలిపి ఉంటుంది, అది చూడకుండా కలిపితే మాడ్యూల్ అక్కడే కాలిపోతుంది. ఇంజను ఆపి తాళం ఆన్‌లో వదిలేసినా కొన్ని మాడ్యూళ్లు, కాయిళ్లు పాడవుతాయి.

పటమట_పద్మిని:
అవన్నీ పెట్టేవాడి తప్పులు బాబాయ్, మాడ్యూల్ తప్పులు కావు. సరే, బుష్ సంగతి ఒప్పుకుంటాను. మరి కొత్త సెట్ కొంటే బుష్ కూడా కొత్తదే కదా? లేత్ చుట్టూ తిరగడం దేనికి?

గుంటూరు_పాతబండి:
ఇక్కడే నేను దెబ్బ తిన్నాను, అందుకే వివరంగా రాస్తున్నా.

డిస్ట్రిబ్యూటర్ అంటే స్పార్క్ పంచే డబ్బా ఒక్కటే కాదు. ఇంజను స్పీడు పెరిగేకొద్దీ స్పార్క్ ఎంత ముందు పడాలో తేల్చేది కూడా అదే. లోపల రెండు వెయిట్లు, వాటికి రెండు స్ప్రింగులు. మన అంబాసిడర్ తరహా లూకాస్ కంపెనీ డిస్ట్రిబ్యూటర్లలో చాలావరకు ఆ రెండు స్ప్రింగులు ఒకేలా ఉండవు. సన్నది ముందు సాగుతుంది, లావుది కొక్కెం దగ్గర కాస్త వదులుగా ఉండి, స్పీడు పెరిగాకే పట్టుకుంటుంది. ఆ తేడా ఆ ఇంజను కోసం లెక్క వేసి పెట్టింది. ఒకే బాడీని వేరే వేరే ఇంజన్లకి వాడారు, లోపలి స్ప్రింగులు, వెయిట్లు మాత్రం వేరు. ఏది దేనికో తెలిసేది బాడీ మీద కొట్టిన నంబరుతోనే.

నేను కొన్న కాపీ సెట్ చక్కగా కూర్చుంది, స్టార్ట్ కూడా ఒక్క సెల్ఫ్‌కే అయింది. కానీ కోటప్పకొండ ఘాట్ ఎక్కుతుంటే ఇంజను టకటకమని కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు పోవాలని టైమింగ్ వెనక్కి తిప్పాను. చప్పుడు పోయింది, దాంతో పాటు లాగే బలం పోయింది, మైలేజీ పోయింది, ఇంజను వేడెక్కడం ఎక్కువైంది. విప్పి చూస్తే రెండు స్ప్రింగులూ ఒకే సైజు! స్పార్క్ మరీ ముందే పడుతోందన్నమాట. అలా కొట్టుకుంటున్న ఇంజన్ని పట్టించుకోకుండా నడిపితే పిస్టన్లు పోతాయి, డిస్ట్రిబ్యూటర్ దగ్గర మిగిల్చిన డబ్బు అక్కడ పదింతలు పెట్టాలి.

చివరికి పాతదానికే బుష్ వేయించా. రంధ్రాలుండే కంచు బుష్ వేసే ముందు పల్చటి ఇంజనాయిల్‌లో ఒక రోజంతా నానబెట్టాలి, నూనె పీల్చుకుంటేనే అది మన్నుతుంది. చాలామంది ఈ ఒక్క పని వదిలేసి ఏడాదికే మళ్లీ అరిగిందంటారు. డిస్ట్రిబ్యూటర్‌కి తగిలించిన వాక్యూమ్ గొట్టాన్ని నోటితో పీల్చి చూడు, లోపలి ప్లేటు కదిలి, నాలుక అడ్డుపెట్టినంతసేపూ అలాగే నిలవాలి. నిలవకపోతే లోపలి పల్చటి పొర, డయాఫ్రమ్, చిరిగినట్టు. బాడీ పగిలినా, వెయిట్ల పిన్నులు అరిగిపోయినా అప్పుడు వేరేది వెతుక్కో, అదీ నంబరు చూసి.

పటమట_పద్మిని:
స్ప్రింగుల సంగతి నాకు తెలియదండీ, నా దాంట్లో పాత బాడీయే ఉండబట్టి బతికిపోయానేమో. అయినా బుష్ వేయించాక మాడ్యూల్ పెట్టమనే చెప్తా. ఇప్పుడొచ్చే కండెన్సర్లు, పాయింట్లు పాతవాటంత గట్టిగా లేవు.

గుంటూరు_పాతబండి:
అది నిజమే, కాదనను. మాడ్యూల్ పెట్టినా పాత పాయింట్లు, కండెన్సర్ ఒక ప్లేటు మీద సెట్ చేసి డిక్కీలో ఉంచుకోమను. మాడ్యూల్ పోయేముందు చెప్పి పోదు.

లబ్బీపేట_అంబాసిడర్:
అందరికీ థాంక్స్ అండీ. పాయింట్లు తీసి చూశా, తెనాలి అన్న చెప్పినట్టే నల్లగా మాడి ఉన్నాయి. నిన్న పాయింట్లు, కండెన్సర్ రెండూ మార్చి, గ్యాప్ 15 థౌ (అంగుళంలో 15 వెయ్యో వంతులు) పెట్టించి, మిట్టమధ్యాహ్నం మంగళగిరి దాకా వెళ్లొచ్చా, ఆగలేదు. మిస్సింగ్ మాత్రం ఉంది, టైమింగ్ లైట్ వేస్తే పుల్లీ మీద గుర్తు ఒకచోట నిలవట్లేదు, అది షాఫ్టు ఊపే. వాక్యూమ్ పీల్చి చూశా, నిలిచింది. కొత్త సెట్ వద్దని మెకానిక్‌కి చెప్పేశా. బాడీ నంబరు, రెండు స్ప్రింగుల ఫొటో తీసి పెట్టుకుని సోమవారం లేత్‌కి ఇస్తున్నా. బుష్‌లు ఇవాళ సాయంత్రమే ఆయిల్‌లో వేశాం, నాన్నగారు గిన్నె మీద మూత పెట్టి మరీ కూర్చున్నారు.