గుంటూరు నుంచి డల్లాస్: అమ్మ లెక్క పదిన్నర గంటలు, ఏజెంటు లెక్క ఇరవై పైన

అరండల్‌పేట వాసి:
చెల్లి పురిటికని మా అమ్మ జనవరిలో డల్లాస్ వెళ్తోంది. 67 ఏళ్లు, షుగరు, విమానం ఎక్కడం ఇదే మొదలు. టికెట్టు ప్రకారం గురువారం తెల్లవారుజామున 4.20కి హైదరాబాదులో ఎక్కి, 6.50కి దుబాయ్‌లో దిగి, 9కి మళ్లీ ఎక్కి, అదే గురువారం మధ్యాహ్నం 3కి డల్లాస్‌లో దిగాలి. అమ్మ వేళ్ల మీద లెక్కేసి "పదిన్నర గంటలేగా, పులిహోర కట్టుకుంటే సరి" అంటోంది. ఏజెంటేమో "ఇరవై పైనేనండీ" అని ఫోన్ పెట్టేశాడు. ఇంకోటి, అమెరికా మనకి పడమరైతే విమానం ఉత్తరానికి ఎందుకు పోతుంది?

కృష్ణలంక కుర్రాడు:
ఏజెంటు చెప్పిందే నిజం అన్నా. చలికాలంలో డల్లాస్ మనకన్నా 11.30 గంటలు వెనక. మీ అమ్మగారి 10.40కి అది కలిపితే 22 గంటల 10 నిమిషాలు. అందులో 16 గంటలు ఒకే సీట్లో. అసలు లెక్క ఇంట్లోంచి వేసుకోవాలి. శంషాబాద్‌కి కారులో ఐదు గంటలు, అక్కడ మూడు గంటల ముందుండాలి. బుధవారం రాత్రి ఏడున్నరకి కదిలితే, అక్కడ ఇమిగ్రేషన్, సామాన్లు అయి చెల్లెమ్మ ఇల్లు చేరేసరికి 33 గంటలు.
దుబాయ్‌లో రెండు గంటలంటే పెద్దావిడకి హడావిడే. నడవగలిగినా సరే, వీల్‌చైర్ ఇప్పుడే రాయించు. ఇన్సులిన్ ఉంటే డాక్టరు చీటీతో చేతి సంచీలోనే పెట్టాలి, కింద సామాన్లలో వేస్తే గడ్డకట్టొచ్చు. గోంగూర పచ్చడి మాత్రం పెద్ద పెట్టెలోకే.

తెనాలి సోషల్ మాస్టారు (రిటైర్డ్):
బాబూ, గుంటూరు 80 డిగ్రీల తూర్పు, డల్లాస్ 97 పడమర. కలిపితే 177, అంటే భూగోళానికి దాదాపు అటు పక్క. గ్లోబు మీద రెండు ఊళ్లకీ దారం బిగించి లాగి చూడు, అట్లాంటిక్ మీద నిలవదు, జారుతూ జారుతూ ఉత్తర ధ్రువం దగ్గరికి పోతుంది. మా బడి గ్లోబుకి నెత్తిన ఇత్తడి మేకుండేది, దారం వెళ్లి దానికే తగులుకునేది. పిల్లలు మూడేళ్లు ఆ మేకు పీకాలనే చూశారు. గోడ పటం ధ్రువాల దగ్గర నేలని సాగదీస్తుంది, అందుకే మన కళ్లు మోసపోతాయి.
హైదరాబాదు నుంచి డల్లాస్‌కి ఆ దారం కొలత సుమారు 14,400 కి.మీ. దుబాయ్ మీదుగా అయితే 2,550, ఆపైన 12,900. చుట్టు తిరిగినట్టే ఉంటుంది గానీ, పెరిగేది వెయ్యి పైచిలుకే. తిరుగు ప్రయాణంలో పడమటి నుంచి వీచే పైగాలులు తోస్తాయి కాబట్టి ఆ 16 గంటలు కాస్త తగ్గుతాయి.

అరండల్‌పేట వాసి:
మాస్టారూ, అమ్మకి చదివి వినిపించాను. ధ్రువం సంగతి పట్టించుకోలేదు. "33 గంటలా? అయితే పులిహోర చాలదు" అని చింతపండు ఇంకాస్త నానేసింది.