నాటు బీర, సొర విత్తనాలు హైబ్రిడ్ రకాలతో కలిసిపోకుండా కాపాడడం ఎలా?

అందరికీ నమస్కారం. మాది జహీరాబాద్ దగ్గర పల్లె. మేం కొందరం ఆదివారాలు సర్కారు బడి పిల్లలతో తోటపని చేయిస్తున్నాం. ఊళ్లోని నాటు కూరగాయల విత్తనాలు వాళ్ల చేతులతోనే నిలబడాలని మా ఆశ.

మా దిక్కు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల ఆడవాళ్లు జొన్న, కొర్ర, కంది విత్తనాలను బూడిద, వేపాకు కలిపి దాస్తారు. తీసుకెళ్లినవాళ్లు పంటయ్యాక అంతకంటే ఎక్కువ తిరిగిస్తారు. ఎంత గొప్ప పద్ధతి! దాన్నే కూరగాయలకూ తేవాలనుంది.

చిక్కుడుతో పెద్దగా బెంగ లేదు, తన పుప్పొడితోనే కాయ కడుతుంది. చిక్కంతా బీర, సొరలతోనే. ఆడపూలు, మగపూలు వేరు కాబట్టి పక్కింటి హైబ్రిడ్ బీర పుప్పొడి కూడా వచ్చి పడుతుంది. బీరపూలు సాయంత్రం విచ్చుకుంటాయి కనుక, ముందే ఆడమొగ్గకు గుడ్డసంచి కట్టి, విచ్చాక మగపువ్వు రుద్ది, మళ్లీ కట్టేద్దామనుకుంటున్నాం. పిల్లలతో ఇలా చేయించినవాళ్లున్నారా? సంచి ఎన్నాళ్లుంచాలి? రకం నీరసించకుండా కనీసం ఎన్ని పాదుల నుంచి విత్తనం తీయాలి?

ఇంకొకటి. విత్తనం తీసుకుని తిరిగివ్వలేని పేద ఇళ్లను నొప్పించకుండా లెక్క ఎలా నడుపుతున్నారు? మృగశిరలోపు చెబితే ఈ వానలకే మొదలుపెడతాం.