ఈ వారం సమస్య (ఇది చివరి పాదంగా పద్యం పూరించాలి): "నడుము లేని నాతి నడుమ నాడె"

నిర్వాహకుడు:
పోయిన వారం "రాత్రి సూర్యు డొచ్చి రంకె వేసె" అంటే సగం మంది నార్వే వెళ్లి అర్ధరాత్రి సూర్యుణ్ని పట్టుకొచ్చారు. ఎలాగూ వెళ్లారు కదా, ఇంకో వారం అక్కడే ఉండండి. ఈసారి హేగె రీసె మీద రాయాలి. నార్వే ఆడవాళ్ల ఫుట్‌బాల్ జట్టులో మిడ్‌ఫీల్డర్, ఆట మానేసి చాలా ఏళ్లయింది. దేశం తరఫున 188 మ్యాచ్‌లు, 58 గోల్స్. 1993లో యూరో (ఐరోపా ఛాంపియన్‌షిప్), 1995లో ప్రపంచ కప్, 2000లో సిడ్నీ ఒలింపిక్ స్వర్ణం. మిడ్‌ఫీల్డ్‌ని తెలుగులో ఏమనాలా అనుకుంటుంటే "నడుమ" తగిలింది, దాని వెనకే "నడుము" వచ్చింది. ఇక చేయి ఆగలేదు.

పాతచొక్కా:
బోణీ నాదే.

కలదొ లేదొ యనుచు కవులెల్ల తడబడు
సన్న నడుము దాల్చి, చలిని గెలిచి,
పరుగు దీసి యలసి వాలని హేగెయే
నడుము లేని నాతి, నడుమ నాడె.

కుంపటి:
పాతచొక్కా గారూ, ధార బాగుంది. కానీ ప్రపంచ కప్పు ఎత్తిన మనిషి పద్యంలోకి కప్పు కన్నా ముందు నడుము వచ్చేసింది. ప్రబంధాల్లోంచి బయటపడండి బాబాయ్!

పాతచొక్కా:
సమస్యలోనే నడుము పెట్టింది నిర్వాహకుడమ్మా, నన్నంటావేం?

గురులఘు:
"చలిని గెలిచి" ఎందుకొచ్చింది? "సన్న"కు యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదిరే అక్షరం) కోసం వచ్చింది. ఫుట్‌బాల్ ఆడేది మంచులో కాదు. ఆ 1995 ఫైనల్ జరిగింది జూన్ 18న, స్వీడన్‌లో స్టాక్‌హోమ్ పక్కన సోల్నాలో, నడి వేసవిలో.

కుంపటి:
సరే, ఫైనల్ మాట వచ్చింది కాబట్టి నాదీ చూడండి.

జర్మనులను గెలిచి జగతిలో మేటియై
బంగరైన బంతి బహుమతంది,
వైరి జట్టు ముందు వంచుట కెన్నడు
నడుము లేని నాతి నడుమ నాడె.

ఆ రోజు జర్మనీ మీద 2-0. మొదటి గోల్ 37వ నిమిషంలో రీసెదే, మూడు నిమిషాలకు మరియానె పెటర్సెన్ రెండోది కొట్టింది. టోర్నీ మొత్తానికి ఉత్తమ క్రీడాకారిణిగా గోల్డెన్ బాల్ కూడా రీసెకే.

పాతచొక్కా:
అబ్బ! వంచడానికి నడుమే లేదట! కుంపటమ్మా, ఇది పూరణ అంటే.

చుక్కలముగ్గు:
గోల్డెన్ బాల్ అంటే సిడ్నీ ఫైనల్లో అదనపు సమయంలో వేసిన గోలేనా అక్కా?

కుంపటి:
అది గోల్డెన్ గోల్ తమ్ముడూ, అప్పట్లో అది పడగానే ఆట అయిపోయేది. సిడ్నీలో అమెరికా మీద 3-2, ఆ చివరిది డాగ్నీ మెల్‌గ్రెన్ వేసింది. ఇది బంగారు బంతి, బహుమతి.

గురులఘు:
ఆ బహుమతి దగ్గరే ఆగాను. బహుమతి + అంది "బహుమతంది" ఎలా అవుతుంది? "బహుమతి యంది" అనాలి. అంటే గణం పోతుంది. ఒక్క అక్షరం కోసం సంధినే మింగేశారు.
ఇంకోటి. "వైరి ముందు వంచుట" అన్నారు. అదే టోర్నీ సెమీఫైనల్లో అమెరికాను 1-0తో ఓడించాక నార్వే అమ్మాయిలు వరసగా మోకాళ్ల మీద, చేతుల మీద వంగి, ఒకరి చీలమండ ఒకరు పట్టుకుని రైలుబండిలా పాకారు. వీడియోలో చూశాను. కనిపించినవన్నీ వంగిన నడుములే!

కుంపటి:
అది వైరి ఓడాక వంగడమండీ. నా పద్యంలో ఉన్నది ఓడి వంగడం. సంధి మాత్రం ఒప్పుకుంటాను. రెండో పాదం ఇలా మారుస్తున్నాను: "బంగరైన బంతి పట్టి నిలిచి". పోయిన వారం మీ ట్రోమ్సో (నార్వేలో ఊరు) సూర్యుడి పద్యంలో ద-కి డ-తో యతి వేసినప్పుడు నేను నోరు మూసుకున్నానని గుర్తు చేయను.

గురులఘు:
గుర్తు చేయనంటూనే చేశారు. అది నిర్వాహకుడికి నచ్చింది, చాలు.

నిర్వాహకుడు:
నచ్చింది సూర్యుడు, యతి కాదు.

చుక్కలముగ్గు:
నేనూ ఒకటి, తప్పులుంటే తిట్టండి.

హేగె రీసె యనెడి యింపైన పేరున
నాలుగక్షరములు, నట్టనడుమ
నిలుచు నక్షరమ్ము నిక్కమ్ము లేదుగా!
నడుము లేని నాతి నడుమ నాడె.

పాతచొక్కా:
ఓరి నీ... హే, గె, రీ, సె అని వేళ్ల మీద లెక్కపెట్టాను. నిజమే, సరిసంఖ్యకు నడుమేది! నా ప్రబంధం కట్టేసుకుంటా.

కుంపటి:
ఈ వారం ఇదే. "నిక్కమ్ము" అరువు తెచ్చిన యతే అయినా, ఆ ఊహకు అది క్షమించేశాను.

గురులఘు:
అంత తొందరెందుకు? వాళ్ల లిపిలో హేగెకు నాలుగు అక్షరాలు, రీసెకు అయిదు. మొత్తం తొమ్మిది. తొమ్మిదికి నట్టనడుమ అయిదోది ఉంటుంది, అది ఇంటిపేరులో మొదటి అక్షరం. అంటే నార్వేలో నడుము ఉంది, తెలుగులో లేదు.

చుక్కలముగ్గు:
అయితే పద్యం తెలుగులోనే ఉంది కదా సార్ 😄

కుంపటి:
గురులఘు గారూ, అందరి నడుములూ కొలిచారు. మరి మీ పూరణ ఏదీ? ఆవిడ ఆడడం మానేశాక కోచ్ అయి ఇంగ్లండ్‌కీ నార్వేకీ ఆట నేర్పింది. మీరు ఆడకుండానే కోచ్ అయ్యారు.

గురులఘు:
ఇదిగో. సిడ్నీకి ఆవిడ వయసు 31.

సిడ్ని నగరమందు చెమటోడ్చి పసిడిని
పట్టె నార్వె జట్టు, పట్టు విడక,
నొప్పి యన్న మాట నోటనే రాలేదు
నడుము లేని నాతి నడుమ నాడె.

నడుమే లేనివారికి నడుము నొప్పి ఎక్కడిది?

పాతచొక్కా:
నవ్వలేక నాకు నడుము నొప్పి వచ్చింది. భేష్.

కుంపటి:
ఊహ బాగుందండీ, మనసారా అంటున్నా. కానీ "పసిడిని పట్టె" ఏమిటి? ద్రుతం ("ని") మీద పరుషం ("ప") అలాగే కూర్చుంది. "పసిడిని బట్టె" కదా? ఒక్క అక్షరం కోసం సంధినే మింగేశారు.

గురులఘు:
టైపింగ్ పొరపాటు.

కుంపటి:
కీబోర్డులో ప, బ పక్కపక్కనే ఉంటాయా?

నిర్వాహకుడు:
చుక్కలముగ్గు పూరణను పైన అతికిస్తున్నాను. సంధుల తగవు వేరే చోట పెట్టుకోండి.