పల్సర్ 150 మీద పాల క్యాన్లు: వెనక షాకప్‌లు మార్చాలా, సెట్టింగ్ సరిపోతదా?

హాలియా_150

బండి పల్సర్ 150, వెనక రెండు షాకప్‌ల మోడల్, 46 వేల కిలోమీటర్లు తిరిగింది. నా బరువు 75 కిలోలు. పొద్దున పెద్దవూర దిక్కు ఊర్ల నుంచి హాలియాకు 20 లీటర్ల పాల క్యాన్లు రెండు, వెనక చక్రానికి అటొకటి ఇటొకటి. క్యాన్లు దించినంక రోజంతా ఒక్కడినే.

లోడుతో స్పీడ్ బ్రేకర్ దాటితే వెనక ‘ధన్’మని అడుక్కు కొడ్తది. ఖాళీగ పోతే చిన్న గుంతకే నడుము అదురుతది. ముందు ఎడమ ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే షాకప్ కాలు) మీద నూనె తడి, బ్రేకు పట్టినప్పుడు హ్యాండిల్ కాడ ‘టక్’మంటది. వెనక షాకప్ స్ప్రింగును నొక్కి పెట్టే ఐదు మెట్లలో రెండో మెట్టు మీద ఉంది. మెకానిక్ ముందు చిక్కటి నూనె, వెనక గ్యాస్ షాకప్‌లు కొత్తవి అంటున్నడు. ఏం చేయమంటరు?

స్పానర్_14

పల్సర్‌కు కంపెనీ బిగించేవే గ్యాస్ షాకప్‌లు. పక్కన అతుక్కుని ఉన్న చిన్న డబ్బాలో నైట్రోజన్ ఉంటది. కాబట్టి గ్యాస్‌వి వెయ్యాలా అని కాదు, ఉన్నవి చచ్చినయా బతికే ఉన్నయా అని చూడాలె. దానికంటే ముందు పైసా ఖర్చు లేని పనులున్నయి.

మొదలు గాలి. ముందు 25, వెనక ఒక్కరికి 28, ఇద్దరికి లేదా లోడుకు 32 పీఎస్ఐ. పంచర్ షాపుల్లో అలవాటు చొప్పున 40 కొట్టి పంపుతరు. ఖాళీ బండి నడుము అదరడంల సగం పాపం దానిదే. టైరు చల్లగ ఉన్నప్పుడే కొలవాలె, వచ్చి రాంగనే కాదు.

తర్వాత ఆ ‘టక్’. సెంటర్ స్టాండ్ వేసి, ఒకరు వెనక కూర్చుంటే ముందు చక్రం లేస్తది. రెండు ఫోర్కుల అడుగు భాగం పట్టుకొని ముందుకు వెనక్కి ఊపు. ఆడుతుంటే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే కాడ ఉండే బేరింగ్) లూజు. హ్యాండిల్‌ను ఒక కొస నుంచి ఇంకో కొసకు వేలితో నెమ్మదిగ తిప్పు. సరిగ్గ నడిమిట్ల చిన్న గాడిల పడ్డట్టు ఆగితే ఆ బేరింగ్ గోలీలు గిన్నెల మీద గుంతలు చేసినట్టు. అది బిగిస్తే పోదు, సెట్ మార్చాల్సిందే. వెనక చక్రం పట్టుకొని అడ్డంగ కూడ ఊపు. స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే ఇనుప చేయి) బుష్‌లు అరిగితే అక్కడ ఆట తెలుస్తది. ఈ రెండు లూజు పెట్టుకొని షాకప్‌లకు ఎంత ఖర్చు పెట్టినా దండగ.

షాకప్ పరీక్ష: సెంటర్ స్టాండ్ తీసి, సీటు వెనక భాగం గట్టిగ అదిమి వదులు. పైకొచ్చి అక్కడనే ఆగాలె. రెండు మూడు సార్లు ఊగితే లోపల డ్యాంపింగ్ (ఊగుడు ఆపే గుణం) పోయినట్టే. రాడ్ మీద నూనె తడి చూడు. ఒకటే పోయినా రెండూ జోడీగనే మార్చాలె.

క్లాక్‌టవర్_రైడర్

అంత అవసరం లేదన్నా. ఫోర్కుల 20డబ్ల్యూ40 ఇంజిన్ ఆయిల్ పోస్తే గట్టిగైతది. మన నల్లగొండ దిక్కు శానామంది గదే పోస్తరు, చవక కూడ.

పాలమూరు_డ్యాంపర్

పోస్తారు, నిజమే. కానీ గట్టిపడడం వేరు, బాగుపడడం వేరు. మామూలు వేడిలో 20డబ్ల్యూ40 ఆయిల్ 10డబ్ల్యూ ఫోర్క్ ఆయిల్ కంటే సుమారు మూడు రెట్లు చిక్కగా ఉంటుంది. ఫోర్కు లోపల నూనె చిన్న రంధ్రాల గుండా దూరాలి. పదునైన గుంత తగిలినప్పుడు చక్రం ఒక్కసారిగా లేవాలి. నూనె అంత వేగంగా దూరలేకపోతే ఆ దెబ్బ నేరుగా మణికట్టుకు వస్తుంది. తిరిగి దిగేటప్పుడూ అదే ఇబ్బంది. వరుసగా ఐదారు చిన్న స్పీడ్ బ్రేకర్లు వస్తే ఫోర్కు ఒకదాని తర్వాత ఇంకోదానికి పూర్తిగా సాగలేక కిందనే ఉండిపోతుంది, నాలుగోదానికి ఇనుప రాడ్డులా తయారవుతుంది. మీ ఇద్దరిలో ఎవరికైనా ముందు భాగం మరీ మెత్తగా అనిపిస్తే 10డబ్ల్యూ నుంచి కొంచెం చిక్కటి 15డబ్ల్యూ వరకే వెళ్ళండి.

ఎడమ ఫోర్కు తడికి సీలు మార్చే ముందు ఒక పని చేయండి. డస్ట్ సీలును (పైన దుమ్ము ఆపే రబ్బరును) సన్నటి స్క్రూడ్రైవర్‌తో పైకి లేపి, పాత ఎక్స్‌రే ఫిల్మ్‌ను వేలెడు వెడల్పు పట్టీగా కత్తిరించి, కొస కొక్కెంలా చేసి, ఆయిల్ సీలు పెదవి కిందికి దూర్చి చుట్టూ ఒక రౌండ్ తిప్పండి. ఎండిన ఎర్రమట్టి నల్లటి జిగురులా బయటికి వస్తుంది. చాలాసార్లు కారుడు అక్కడితో ఆగుతుంది. మళ్ళీ తడి వస్తే ఫోర్కు మెరిసే ట్యూబు మీద గోరు నడిపించండి. తుప్పు చుక్క గోటికి తగిలితే కొత్త సీలు కూడా వారాల్లో కోసుకుపోతుంది. ముందు ఆ చుక్కను సన్నటి నీటి ఎమరీతో నున్నగా చేయాలి.

నూనె మార్చేటప్పుడు: ముందుగా పై క్లాంపు బోల్టు వదులు చేసి, ఫోర్కు ఇంకా బండికి ఉండగానే టాప్ బోల్టును ఒక చుట్టు తిప్పి వదలండి. బయటికి తీశాక అది కదలదు. క్యాలిపర్‌ను (డిస్క్ బ్రేకు పట్టే భాగాన్ని) బ్రేకు పైపుకు వేలాడదీయొద్దు, తీగతో కట్టండి. పాత నూనె ఒంపి, ఫోర్కును ఎనిమిది పది సార్లు పంపులా కొట్టి మడ్డి అంతా దింపండి. మాన్యువల్‌లో ఉన్నంత కొలిచి పోసి, మళ్ళీ నెమ్మదిగా పంప్ చేసి లోపలి గాలి తీసేయండి. స్ప్రింగు బయట ఉంచి, ఫోర్కును పూర్తిగా లోపలికి నొక్కి, ట్యూబు అంచు నుంచి నూనె మట్టం దాకా స్కేలుతో కొలవండి. రెండు ఫోర్కు కాళ్ళలో ఈ కొలత ఒకటే ఉండాలి. ఇది చూడకుండా అంచనాగా పోయడమే అసలు జబ్బు.

బిగించేటప్పుడు మడ్‌గార్డు బోల్టులు, ఇరుసు పక్కన క్లాంపు ఉంటే అదీ ఆఖరుకు. ముందు చక్రం బ్రేకు పట్టి ఫోర్కును నాలుగైదు సార్లు అదిమాకే అవి బిగించాలి. లేకపోతే రెండు కాళ్ళు వంకరగా పట్టుకొని, కొత్త నూనె పోసినా రాపిడి పోదు.

హాలియా_150

గాలి చూస్తే వెనక 41 ఉన్నది! 32కు దింపిన. కోన్ సెట్ లూజే, గాడి లేదు, బిగించిండు, టక్ పోయింది. అదిమి వదిలితే వెనక ఒక్కసారే లేచి ఆగుతుంది. లోడుతో మాత్రం అడుక్కు కొట్టుడు అట్లనే ఉంది.

పాలమూరు_డ్యాంపర్

అయితే షాకప్‌లు బతికే ఉన్నాయి. ఇక కొలత. వెనక ఇరుసు నుంచి నిట్టనిలువుగా పైన సీటు కింద ఒక గుర్తు పెట్టి నాలుగు కొలతలు చెప్పండి: చక్రం గాల్లో, బండి ఒక్కటే, మీరు కూర్చుని, మీరూ నిండు క్యాన్లూ.

హాలియా_150

560, 550, 526, 496 మిల్లీమీటర్లు.

పాలమూరు_డ్యాంపర్

లెక్క తేలిపోయింది. మీరు కూర్చుంటే మొత్తం 34 మి.మీ. దిగుతోంది. వెనక చక్రం కదలిక సుమారు 100 అనుకుంటే మూడో వంతు. ఒక్కరికి అది సరైనదే. క్యాన్లతో 64. మిగిలింది 36. ఊరి స్పీడ్ బ్రేకర్‌కు అది చాలదు.

పాలు 40 లీటర్లంటే 41 కిలోలు, క్యాన్లు, కొక్కేలు కలిపి 50 అనుకుందాం. క్యాన్ల నడిమి భాగం ఇరుసుకు ఒక జానెడు వెనక, అంటే 25 సెంటీమీటర్లు ఉంటే, ఈ బండి వీల్‌బేస్ (రెండు ఇరుసుల మధ్య దూరం) 1320 మి.మీ. కాబట్టి వెనక చక్రం మీద 50 కాదు, దాదాపు 59 కిలోలు పడతాయి. ఆ తొమ్మిది కిలోలు ముందు చక్రం మీంచి లేచినవే. వేగంలో హ్యాండిల్ తేలిపోయినట్టు, వణికినట్టు ఉంటే కారణం అదే. కొక్కేలు ముందుకు జరిపి క్యాన్లు సరిగ్గా ఇరుసు మీదికి తెస్తే 30 మి.మీ. దిగేది 25కు వస్తుంది. వెల్డింగ్ షాపులో గంట పని.

మెట్టు పెంచితే స్ప్రింగు గట్టిపడదు. ఇది అందరూ పొరబడే చోటు. అది బండిని పైకి లేపుతుంది, అంతే. రెండు నుంచి ఐదుకు తిప్పితే ఓ 12-14 మి.మీ. లేస్తుంది, క్యాన్లతో 50 దగ్గర ఆగుతుంది. కానీ క్యాన్లు దించాక అలాగే వదిలేస్తే చక్రం కిందికి జారే చోటు బాగా తగ్గిపోతుంది, లోతైన గుంతలో పై నుంచి ‘టప్’మని కొడుతుంది. పొద్దున ఐదు, తర్వాత రెండు. సి ఆకారపు స్పానర్ బండిలోనే ఉంచుకోండి, రెండు వైపులా మెట్టు ఒకటే ఉండాలి. కాలర్ (మెట్లున్న చుట్టు) తిరగకపోతే సుత్తి పెట్టొద్దు. నీళ్ళతో కడిగి, కొద్దిగా నూనె చుక్క వేసి, అరగంట ఆగి తిప్పండి.

స్పానర్_14

ఇవన్నీ చేసినంక కూడ కొడ్తే అప్పుడు గట్టి స్ప్రింగున్న షాకప్. మీ లోడు, మీరు కలిపి వెనక ఇప్పుడు 54 మి.మీ. దింపుతున్నరు, పాతిక శాతం గట్టి స్ప్రింగుకు అది 43 అయితది. కానీ క్యాన్లు లేని పూట అదే బండి గట్టిగ కొడ్తది, అది ఒప్పుకునే కొనాలె.

దుకాణంకు పోయేముందు పాతదాని మీద మూడు కొలతలు రాసుకో: పై బోల్టు నడిమి నుంచి కింది బోల్టు నడిమి దాకా పొడవు, రెండు చోట్ల బోల్టు లావు, బుష్ వెడల్పు. పొడవు 10 మి.మీ. పెరిగినా వెనక లేచి హ్యాండిల్ తేలికై చైను లెక్క మారుతది. పెద్ద డబ్బా చూసి మోసపోవద్దు. శాన చవక వాటిల్ల ఆ డబ్బాకు షాకప్ లోపలికి దారే ఉండదు, అలంకారానికి అతికిస్తరు. ఇప్పేటప్పుడు ఒక పక్కది తీసి కొత్తది వేసినంకనే రెండోది, లేదంటే స్వింగ్ ఆర్మ్ జారి బోల్టు రంధ్రాలు కలవవు. పాత గ్యాస్ డబ్బాను కొయ్యొద్దు, మంట పెట్టొద్దు. లోపల ప్రెషర్ ఉంటది.

హాలియా_150

కొక్కేలు జరిపిస్త. మెట్టు మార్చినప్పుడల్లా చైను కూడ చూడాల్నా?

స్పానర్_14

రోజూ అక్కర్లేదు. చైను అన్నిటికంటే గట్టిగ లాగేది ముందు స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ బోల్టు, వెనక ఇరుసు ఒక గీత మీదికి వచ్చినప్పుడు. నువ్వు క్యాన్లతో కూర్చున్నప్పుడు ఆ గీతకు దగ్గరైతవు. ఒకసారి నిండు లోడుతోనే ఎవరినన్న కింద చూడమను. అప్పుడు కూడ చైను వేలితో కొంచెం ఆడాలె. బిర్రుగ ఉంటే వెనక ఇరుసు ఒక గుర్తు ముందుకు జరుపు, రెండు పక్కల సమానంగ.