“కొంచెమేనోయ్”లో ఆ ‘మే’ ఏమంటోంది?

రామంతపూర్ లెక్చరర్:
అందరికీ నమస్కారం. డిగ్రీ తెలుగు మీడియం పిల్లలకు ఈ వారం కన్సర్వేటివ్ ఆలోచనల, అంటే పాతను నిలుపుకోవాలనే రాజకీయ ఆలోచనల, పాఠం నడుస్తోంది. ఆ ఆలోచనకు ఆద్యుడనే పద్దెనిమిదో శతాబ్దపు బ్రిటిష్ నేత ఎడ్మండ్ బర్క్‌కు ఎదురుగా పెడదామని గురజాడ ‘దేశభక్తి’ గేయంలోని పాదాలు బోర్డు మీద రాశాను: “వెనక చూసిన కార్యమేమోయ్, మంచి గతమున కొంచెమేనోయ్”. మూడో బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, “మేడమ్, మంచి కొంచెమే ఉందంటున్నారా, కొంచెమైనా ఉందంటున్నారా?” అంది. సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మా తాతయ్య నోట “కొంచెమైనోయ్” అని విన్నట్టు లీలగా గుర్తు. అలాంటి పాఠాంతరం ఎవరైనా చూశారా? పనిలో పనిగా, కన్సర్వేటివ్‌కు మంచి తెలుగు మాట కూడా చెప్పండి.

నల్లకుంట మాస్టారు:
ఇందులో అనుమానం ఎక్కడిదమ్మా? అది అవధారణ ‘ఏ’, అంటే ‘అంతే’ అని నొక్కిచెప్పేది. “కొంచెమే” అని తేల్చేసి “ఓయ్” అని పిలిచాడు, నడుమ నకారం వచ్చింది. అదే చరణం చివర “వెనుకబడితే వెనుకేనోయ్” ఉంది కదా. అక్కడ “వెనుకైనా” అని ఎవరూ అర్థం చెప్పరు. రెండు చోట్లా అచ్చు ఒకటే పోత.

కూకట్‌పల్లిలో ఉంటున్న విజయనగరం వాణ్ణి:
మాస్టారూ, మన్నించాలి. మా వైపు “ఎవరేనా వచ్చారా”, “ఎప్పుడేనా వెళ్లావా” అంటాం. ‘అయినా’ మా నోట ‘ఏనా’ అవుతుంది. గురజాడ మా ఊళ్లో బతికి, మా ఊరి మాటల్ని కాగితం మీద పెట్టిన మనిషి. “కొంచెమేనా ఉందోయ్” అన్నది ఆయన చెవిలో లేదని ఎలా అంటాం? లెక్చరర్ గారి తాతయ్య గారు తప్పు చదివి ఉండరు, అర్థం విప్పి చదివి ఉంటారు.

నల్లకుంట మాస్టారు:
తాతయ్య గారి మీద నాకూ గౌరవమే. కానీ “కొంచెమేనా” అన్నాక వాక్యం అక్కడ ఆగదు, క్రియ కావాలి. ఇక్కడ క్రియ ఏది? పైగా “వెనక చూసిన కార్యమేమోయ్” అని విసురుగా అడిగినవాడు, మరుక్షణం “కొంచెమైనా ఉంది” అని మెత్తబడతాడా?

కాచిగూడ పాఠకుడు:
ఛందస్సు చూద్దాం అనుకున్నాను. ముత్యాల సరం, మూడు నాలుగు మాత్రల నడక. మంచి–గతమున, కొంచె–మేనోయ్. ‘మే’ బదులు ‘మై’ పెట్టినా రెండు మాత్రలే. కాబట్టి ఛందస్సు ఎవరి పక్షమూ కాదు.

తార్నాక నుంచి, పొలిటికల్ సైన్స్ చదివినవాణ్ణి:
‘మే’ అయినా ‘మై’ అయినా బర్క్‌ను గురజాడకు ఎదురు నిలపడం నాకు నచ్చలేదు. 1790లో ఫ్రెంచి విప్లవాన్ని తిట్టిపోసిన బర్కే అంతకుముందు అమెరికా వలసల తరఫున మాట్లాడాడు, బెంగాల్ గవర్నర్ జనరల్‌గా చేసిన వారన్ హేస్టింగ్స్ మీద పార్లమెంటులో అభిశంసన నడిపించాడు. మార్పుకు దారి లేని రాజ్యానికి తనను తాను కాపాడుకునే దారీ ఉండదన్నది ఆయన మాటే. గతమంతా మంచిదని అనలేదు. ఆ మంచిని వెతికి పట్టుకోకుండా ఇల్లంతా కూల్చకండి అన్నాడు. మీ పాదానికి అసలు ఎదురు నిలిచేవాడు, ఆ విప్లవ కాలంలోనే రాసిన రాజభక్తుడు జోసెఫ్ ద మేస్త్ర్. ఆయనకు విప్లవం దేవుడు వేసిన శిక్ష, సింహాసనమూ చర్చీ తిరిగి నిలబడాల్సిందే. ఇంగ్లిష్ తత్వవేత్త ఓక్‌షాట్ దగ్గరికొస్తే, 1956 వ్యాసంలో కన్సర్వేటివ్‌గా ఉండటం సిద్ధాంతమే కాదు, స్వభావం అంటాడు: తెలియని కొత్తకన్నా అలవాటైన పాతను ఇష్టపడటం. ఇక మార్కెట్ స్వేచ్ఛ కోరే ఆర్థికవేత్త హాయెక్‌ను అందరూ ఈ గంపలోనే వేస్తారు గానీ, తాను కన్సర్వేటివ్‌ను ఎందుకు కాదో ఆయన 1960లో విడిగా రాసుకున్నాడు. వీళ్లందరినీ ఒకే మాటతో పిలవబోతే పిల్లలకు చిక్కే.

రామంతపూర్ లెక్చరర్:
ఆ చిక్కే నాది. మా పాత నోట్సులో “మితవాదులు” అని ఉంది.

నల్లకుంట మాస్టారు:
వద్దు. 1907 సూరత్ కాంగ్రెస్ చీలిక పాఠంలో గోఖలే మితవాది, తిలక్ అతివాది. పత్రికలేమో విదేశీ రైటిస్టు పార్టీలనూ మితవాద పార్టీలంటాయి. ఉదారవాది గోఖలేనూ ద మేస్త్ర్‌నూ ఒకే మాటలో కూర్చోబెడతామా? “ఛాందసుడు” ఒకప్పుడు ఛందస్సు, అంటే వేదం, చదివినవాడు. ఇప్పుడు అది తిట్టు, దాంట్లోంచే చాదస్తం పుట్టింది. “సంప్రదాయవాది” అనండి. ‘సాం’ కాదు, ‘సం’. ‘సాంప్రదాయిక’లో తప్ప దీర్ఘానికి చోటు లేదు. సం–ప్ర–దా, అంటే చక్కగా చేతికి అందించడం. బర్క్ చెప్పే, పోయినవాళ్లకూ ఉన్నవాళ్లకూ పుట్టబోయేవాళ్లకూ మధ్య పొత్తు ఆ మాటలోనే ఉంది.

తార్నాక:
మాట అందంగా ఉంది, ఒప్పుకుంటాను. కానీ 1959లో కాంగ్రెస్ సహకార వ్యవసాయ తీర్మానం మీద తిరగబడి స్వతంత్ర పార్టీ పెట్టిన రాజాజీ, ఎన్.జి. రంగా సంగతేమిటి? రాజాజీ ఒక చేత్తో ధర్మం, ఇంకో చేత్తో ప్రతి వ్యాపారానికీ సర్కారు అనుమతి కావాలనే పర్మిట్ల రాజ్యం మీద పోరాటం పట్టుకున్నారు. ఆ రెండో చేతికి “సంప్రదాయం” సరిపోదు. 1967లో 44 సీట్లతో లోక్‌సభలో పెద్ద ప్రతిపక్షం అయింది ఆ రెండో చేతి బలంతోనే అని నా నమ్మకం.

కాచిగూడ పాఠకుడు:
మళ్లీ గురజాడ దగ్గరికి వద్దాం. మన భాషలో అసలు కన్సర్వేటివులు, పాత కావ్యభాషలోనే రాయాలనే గ్రాంథికవాదులు. వాళ్లతో పోరాడుతూ 1914లో ఆయన మద్రాసు విశ్వవిద్యాలయానికి, వాడుక భాష పక్షాన, అసమ్మతి పత్రం రాశారు. కానీ ఆయన స్నేహితుడు గిడుగు ఏం చేశారు? పాత వచనాన్నంతా వెతికి, వాడుక మాటలు మనవాళ్లు ఎప్పటినుంచో రాస్తున్నారని ఉదాహరణలు పోగేశారు. వెనక చూస్తే కార్యం ఉందనేగా! నాకైతే ఆ ‘మే’లో కొద్దిగా ‘మై’ వినపడుతుంది.

విజయనగరం వాణ్ణి:
మీ నోట్లో చక్కెర పొయ్య! ఇందాక అన్నం దగ్గర మా అమ్మ మాట జాగ్రత్తగా విన్నాను. పెరుగు గిన్నె జరిపి, “కొంచెమేనా వేసుకోరా” అంది. అచ్చంగా ‘మే’.

నల్లకుంట మాస్టారు:
అమ్మగారికి నమస్కారం. “వేసుకోరా” ఉంది చూశారా నాయనా? క్రియ.

రామంతపూర్ లెక్చరర్:
రేపు మొదటి పీరియడ్ ఆ క్లాసే. ఆ అమ్మాయినే బోర్డు దగ్గరికి పిలిచి రెండు అర్థాలూ రాయిస్తాను.