మెషీన్ ఆగిపోతే ఆఖరున వాడినవాళ్లదేనా తప్పు?

ప్రశ్న: మా ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ నీళ్లు బయటికి వదలకుండా మధ్యలో ఆగిపోయింది, డోర్ కూడా రావట్లేదు. బట్టలు వేసింది చెల్లి కాబట్టి ఇంట్లో అందరూ దాని మీదే పడ్డారు, పాపం ఏడ్చేసింది. ఆఖరున వాడినంత మాత్రాన తప్పు తనదేనా?

జవాబు 1: కానే కాదు. ముందు ప్లగ్ తీసేయండి. కింద మూలన చిన్న మూత ఉంటుంది, దాని వెనకే డ్రెయిన్ పంప్ ఫిల్టర్, అంటే నీళ్లు బయటికి పోయే దారిలో చెత్తని ఆపే జాలి. లోపల వేడి నీళ్లుంటే చల్లారేదాకా ఆగి, పళ్లెం పెట్టి మెల్లగా తిప్పండి. మా దాంట్లో నల్లగా జిగురు పట్టిన దారపు ఉండలు, వాటి మధ్య ఒక హెయిర్‌పిన్, నాణెం దొరికాయి. అదంతా ఒక్క పూటలో చేరేది కాదండీ.

జవాబు 2: జేబులు చూసుకోవాల్సింది బట్టలు విప్పినవాళ్లు. ఎవరు పని చేస్తే వాళ్లకే తిట్లు, ఏదీ ముట్టుకోనివాళ్లు మాత్రం ఎప్పుడూ మంచివాళ్లే, ఇది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

జవాబు 3: అన్నిసార్లూ అలా కాదులెండి. మిక్సీ జార్ మూతిదాకా నింపి ఆపకుండా తిప్పితే మోటారు వేడెక్కి ఆగిపోతుంది, అది తిప్పినవాళ్లదే. చల్లారాక అడుగున ఉండే ఎర్ర బటన్ నొక్కితే చాలా మిక్సీలు మళ్లీ తిరుగుతాయి.

ప్రశ్న అడిగినవారు: ఫిల్టర్ తీశాం, నాన్న చొక్కా గుండీలు, నాణేలు. నాన్నే వెళ్లి చెల్లికి సారీ చెప్పారు.